కోల్ డ్రాప్స్ యార్డ్: కట్టడం కోసం వెళ్లండి, కొనుగోలు మీ ఇష్టం

లండన్‌లో కింగ్స్ క్రాస్ స్టేషన్ వెనుక, రీజెంట్స్ కాలువ ఒడ్డున ఉన్న కోల్ డ్రాప్స్ యార్డ్ బజారులో తెలుగు మాట వినబడడం వింతేమీ కాదు. చుట్టుపక్కల విశ్వవిద్యాలయాల్లో చదివే పిల్లలు సెలవు రోజుల్లో అక్కడికే చేరతారు. ఊరినుంచి అమ్మానాన్నలు వస్తే వాళ్లనూ తీసుకువస్తారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది రెండు భవనాల పైకప్పులు వంగి కలుసుకునే చోట ఫొటో దిగి, రెండు మూడు దుకాణాల్లో ధరల చీటీలు తిప్పి చూసి, ఇంతోటి దానికి ఇంత పేరెందుకు అనుకుంటూ స్టేషన్ దారి పడతారు. బజారుగా చూస్తే ఆ అభిప్రాయంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే ఆ చోటును బజారుగా మాత్రమే చూసి వచ్చేయడం నష్టం. నూట యాభై ఏళ్లు దాటిన బొగ్గు గోదాములను ఇంత శ్రద్ధగా నిలబెట్టిన ప్రయత్నం లండన్‌లో అరుదుగా కనిపిస్తుంది. లోటల్లా ఒక్కటే: ఆ గోడల మధ్య ఏ పని, ఎలా, ఎవరి చేతులమీద నడిచిందో నడిచిపోయేవాడికి అర్థమయ్యేలా చెప్పడం మీద పెట్టిన శ్రద్ధ, ఇటుకల మీద పెట్టిన శ్రద్ధలో నాలుగో వంతు కూడా లేదు. ఆ చెప్పని కథలో కొంత భాగాన్ని కాస్త దూరంలో, అదే కాలువ పక్కన ఉన్న ఒక చిన్న మ్యూజియం చెబుతుంది. రెండింటినీ కలిపి ఒకే పూట చూడవచ్చు కాబట్టి ఈ సమీక్షలోనూ రెండింటినీ కలిపే రాస్తున్నాను.

ముందు కాలువ సంగతి. పశ్చిమాన పాడింగ్టన్ నుంచి నగరానికి ఉత్తరపు అంచు వెంబడి సాగి, తూర్పున లైమ్‌హౌస్ దగ్గర థేమ్స్ నదిలో కలిసే ఈ కాలువ పొడవు సుమారు 14 కిలోమీటర్లు. దీనికి పార్లమెంటు చట్టం 1812లో వచ్చింది. 1816లో కామ్డెన్ దాకా, 1820లో లైమ్‌హౌస్ దాకా పూర్తయింది. దారిలో 12 లాకులు, అంటే నీటిమట్టం మారే చోట పడవలను ఎక్కించి దించే తలుపుల గదులు, ఉన్నాయి. లాకు అంటే ఏమిటో గోదావరి, కృష్ణా డెల్టాల్లో పుట్టినవాళ్లకు వివరించనక్కరలేదు. తేడా ఏమిటంటే ఇక్కడి లాకులను మొదట జంటగా, పక్కపక్కనే రెండేసి గదులుగా కట్టారు. రద్దీ తగ్గడమే కాకుండా, ఒక గది ఖాళీ అయ్యేటప్పుడు పోయే నీటిలో కొంత పక్క గదికి పనికివచ్చేది. తరువాతి కాలంలో జంటలో ఒకదాన్ని మూసి, మిగులు నీరు పొర్లిపోయే కలుజుగా మార్చారు. బజారుకు పడమటి పక్కన, నడిచి వెళ్లేంత దగ్గరలోనే ఉన్న సెయింట్ పాంక్రాస్ లాకు దగ్గర నిలబడితే ఈ మార్పు కంటికి తెలిసిపోతుంది.

రైళ్లు వచ్చి కాలువలను చంపేశాయని మనం చదువుకున్నాం. కింగ్స్ క్రాస్‌లో కథ అంత సూటిగా నడవలేదు. గ్రేట్ నార్తర్న్ రైల్వే కంపెనీ 1850ల మొదట్లో ఇక్కడ సరుకుల యార్డు కట్టినప్పుడు కాలువ పక్క స్థలాన్ని కోరి ఎంచుకుంది, ఎందుకంటే ఉత్తరాది నుంచి రైలులో దిగిన సరుకు నగరంలోకి, రేవులకు చేరడానికి అప్పట్లో పడవ, గుర్రపు బండి తప్ప మరో సాధనం లేదు. స్టేషన్‌నూ, యార్డులోని ధాన్యపు గోదామునూ లూయిస్ క్యూబిట్ రూపొందించాడు. రెండూ 1852లో పూర్తయ్యాయి. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందీ ఆ సంవత్సరమే. అక్కడ కాటన్ దొర రైళ్లకంటే పడవ కాలువలే మేలని పట్టుబట్టి గోదావరి నీటిని పొలాలకూ పడవలకూ పంచుతుంటే, ఇక్కడ ఆయన దేశస్థులు రైలునూ కాలువనూ ఒకే యార్డులో కలిపి పని చేయించుకుంటున్నారు.

ఆ కలయిక ఎంత బలమైనదో చూడాలంటే బజారు దాకా వెళ్లనవసరం లేదు, రెండు స్టేషన్ల ఎత్తు చూస్తే చాలు. కింగ్స్ క్రాస్ నుంచి ఉత్తరంగా పోయే పట్టాలు కాలువ కిందినుంచి, గ్యాస్‌వర్క్స్ సొరంగంలో దూరి పోతాయి. పక్కనే 1868లో తెరిచిన సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌కు వచ్చిన మిడ్‌లాండ్ రైల్వే మాత్రం కాలువను పైనుంచి దాటాలని నిర్ణయించింది. ఆ ఎత్తులో వచ్చిన పట్టాలు స్టేషన్‌లోకీ అదే ఎత్తులో ప్రవేశించాలి గనుక ప్లాట్‌ఫారాలన్నీ నేలకు పైన ఇనుప స్తంభాల మీద నిలిచాయి. కింద మిగిలిన విశాలమైన జాగాలో బర్టన్ ఊరినుంచి వచ్చే బీరు పీపాలు నిల్వ చేసేవారు. స్తంభాల మధ్య దూరాన్ని కూడా పీపాల కొలతకు సరిపోయేలా పెట్టారు. ఈనాడు పారిస్ వైపు పోయే యూరోస్టార్ రైలు ఎక్కేవాళ్లు వేచి ఉండే చోటు అదే. ఒక చిన్న కాలువను ఎలా దాటాలన్న ప్రశ్నకు పక్కపక్క కంపెనీలు ఇచ్చిన రెండు జవాబులు ఆ రెండు స్టేషన్లు.

ఇక బొగ్గు. కోల్ డ్రాప్స్ యార్డ్‌లో ఎదురెదురుగా ఉన్న రెండు పొడవాటి ఇటుక భవనాల్లో తూర్పుది 1851 నాటిది, పడమటిది దాని తరువాత కొన్నేళ్లకు కట్టినది. వీటిని మామూలు గోదాములని అనుకుంటే కట్టడంలోని తెలివి పట్టుబడదు. ఇవి ఒకరకంగా బొగ్గును పైనుంచి కిందికి జార్చే యంత్రాలు. యార్క్‌షైర్ గనుల నుంచి వచ్చిన బొగ్గు వ్యాగన్లను పైఅంతస్తు ఎత్తులో వేసిన పట్టాల మీదికి తోసేవారు. వ్యాగన్ అడుగు తలుపు తెరవగానే బొగ్గు మధ్య అంతస్తులోని తొట్లలోకి పడేది. తొట్టి నోటి దగ్గర నిలుచున్న కూలీలు దాన్ని గోతాల్లోకి పట్టి, నేలమీద కమాను కింద నిలిపిన గుర్రపు బండ్లకెత్తేవారు. పైన రైలు, మధ్యలో తొట్టి, కింద బండి. బరువును కిందికి దించే పని భూమ్యాకర్షణదే కాబట్టి, మనిషి చేయవలసింది తలుపు తెరవడం, గోతం పట్టడం, ఊపిరితిత్తుల నిండా బొగ్గు పొడి పీల్చడం. వరసగా కనిపించే కమానులన్నీ ఒకే వెడల్పున ఎందుకున్నాయి, పై అంతస్తు పొడవునా వంతెనలాంటి నడవ ఎందుకుంది అన్న ప్రశ్నలకు జవాబు ఈ పనిలోనే ఉంది. ఆ కమానుల్లోనే ఇప్పుడు చేతిసంచులూ కళ్లజోళ్లూ అమ్ముతున్నారు. కమాను లోతులోకి వెళ్లి, దుకాణం దీపాలు పడని మూల ఇటుకను దగ్గరగా చూడండి. బయటి ముఖంమీది ఇటుక ఎర్రగా, పసుపుగా తేరినా, లోపలి వరసల్లో నలుపు ఇంకా దిగలేదు. దాన్ని పూర్తిగా తోమి వదిలించకపోవడం బాగుచేసినవాళ్ల విజ్ఞత.

బొగ్గు పని ఇక్కడ ఎంతో కాలం నడవలేదు. కొన్ని దశాబ్దాల్లోనే ఆ వ్యాపారం యార్డులోని ఇతర చోట్లకు, కాలువకు అవతలి గట్టుకు మళ్లింది. తూర్పు భవనం మామూలు గోదాముగా మారి, యార్క్‌షైర్ గాజు సీసాల కంపెనీ ఒకదాని సరుకుకు నెలవైంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత లారీలు రైలు సరుకునూ పడవ సరుకునూ కలిపి మింగేశాయి. కాలువ 1948లో జాతీయం అయింది, 1960ల చివరికి దాని మీద వ్యాపారం దాదాపు ఆగిపోయింది. 1985లో తూర్పు భవనంలో కొంత భాగం మంటల్లో పాడైంది. ఆపైన 1990ల నుంచి 2007 చివరి వరకు ఇవే కమానుల్లో బాగ్లీస్, ద క్రాస్, ద కీ అనే నైట్‌క్లబ్బులు నడిచాయి. బాగ్లీస్ పేరు ఆ సీసాల కంపెనీ నుంచి వచ్చిందే. తెల్లవార్లూ ఇక్కడ నాట్యమాడిన తరం లండన్‌వాసులకు ఈ చోటు మీద ఉన్న మమకారం బొగ్గుకు సంబంధించినది కాదు. కొత్త బజారు బొగ్గును పేరులోనైనా ఉంచుకుంది. ఆ పాటల కాలాన్ని దాదాపు పక్కన పెట్టేసింది.

కింగ్స్ క్రాస్ వెనుక ఈ ప్రాంతంలో మొత్తం 67 ఎకరాల పునర్నిర్మాణానికి అనుమతి 2006లో లభించింది. ఆర్జెంట్ సంస్థ నడిపించిన ఈ పనిలో మొదట తెరుచుకున్నది ధాన్యపు గోదాము. ఆరంతస్తుల ఆ భవనంలో ఒకప్పుడు లింకన్‌షైర్ గోధుమలు 60,000 బస్తాల దాకా నిల్వ ఉండేవి. పడవలు భవనం ముందున్న మడుగులోంచి సరాసరి భవనం కిందికి దూరేవి, నేలల్లో కోసిన రంధ్రాల గుండా బస్తాలు పైకీ కిందికీ నడిచేవి. 2011 నుంచి అందులో సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ కళాశాల నడుస్తోంది. మడుగును పూడ్చిన చోట 2012లో గ్రెనరీ స్క్వేర్ తెరిచారు. అక్కడ నేలలోంచి 1,080 నీటి చిమ్మెనలు లేస్తూ పడుతూ ఉంటాయి. వేసవిలో పిల్లలను అక్కడికి తీసుకెళ్తే మార్చుకోవడానికి బట్టలు తప్పక పెట్టుకోండి. ఇది పాత మడుగు చోటేనని, అక్కడే పడవలు తిరిగేవని తెలిస్తే ఆ నీటి ఆటకు ఒక అర్థం కనబడుతుంది; ఆ సంగతి నీళ్లలో గంతులేసే పిల్లలకు అక్కర్లేదు గాని, గట్టున కూర్చున్న పెద్దలకు పెద్ద అక్షరాల్లో చెప్పి ఉంటే బాగుండేది.

కోల్ డ్రాప్స్ యార్డ్ 2018 అక్టోబరులో మొదలైంది. దీని రూపకర్త థామస్ హెదర్‌విక్. ఆయనకు ఎదురైన సమస్య చిక్కుముడి లాంటిది: రెండు భవనాలు సన్నగా, పొడవుగా, ఒకదానికొకటి దూరంగా, సమాంతరంగా కూడా లేకుండా ఉన్నాయి, ఒక బజారుకు కావలసిన నడిబొడ్డు వాటి మధ్య లేదు. రెండింటి కప్పులనూ లోపలి వైపునుంచి పైకి లేపి, వంచి, మధ్యలో ఒకదానికొకటి తాకేలా చేసి ఆ నడిబొడ్డును తయారుచేశాడు. కప్పుకు వాడిన పలకరాయిని వేల్స్ దేశం నుంచి, పాత కప్పుకు రాయి వచ్చిన గని నుంచే తెప్పించారు. పాత గోడలు ఈ కొత్త బరువు మోయలేవు కనుక ఉక్కు స్తంభాలను పాత భవనంలోంచే, పాతదానికి భారం పడకుండా పైకి నడిపారు. ఇంజనీరింగ్ పరంగా దీనికి వంక పెట్టలేం. కింద నిలబడి తలెత్తితే బూడిద రంగు రాయి రెండు వైపులనుంచీ అలలా లేచి కలిసిన తీరు నిజంగానే చూపు తిప్పుకోనివ్వదు.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఇంత శ్రమపడి ఆ కలిసిన కప్పుల కింద సృష్టించిన పై గది, అంటే బజారు మొత్తానికీ పతాకస్థానం, 2019 నుంచి సామ్‌సంగ్ సంస్థ ప్రదర్శనశాలకు పోయింది. అది చూడడానికి ఎవరైనా వెళ్లవచ్చు, కాని పాత యార్డును పైనుంచి తీరిగ్గా చూడగల అంత మంచి చోటును ఫోన్లూ టీవీలకు ఇచ్చాక, బొగ్గు వ్యాగన్ల కథకు బజారులో మరో జాగా దొరకలేదు. ఆ గదిలో పదో వంతు స్థలం ఒక వ్యాగన్ నమూనాకు, ఒక తొట్టికి, ఒక గోతానికి కేటాయించి ఉంటే ఈ కట్టడం తనను తాను వివరించుకునేది.

బజారుగా నా తీర్పు క్లుప్తంగానే చెబుతాను. దుకాణాలు చాలావరకు పేరున్న డిజైనర్లవి, చిన్న బ్రాండ్లవి. ధరలు మధ్యతరగతి జేబుకు అందనివి. తెరిచిన కొత్తలో అనుకున్నంత జనం రాలేదని పత్రికలు రాశాయి, ఆ వెంటనే కోవిడ్ వచ్చిపడింది, దుకాణాలు మారుతూ వచ్చాయి. కనుక ఫలానా దుకాణం కోసం వెళ్లేవాళ్లు అది ఇంకా ఉందో లేదో చూసుకుని బయల్దేరడం మంచిది. నిత్యావసరాలు కావలసినవాళ్లకు పక్కనున్న పాత మిడ్‌లాండ్ గూడ్స్ షెడ్డులో వెయిట్‌రోజ్ సూపర్‌మార్కెట్ ఉంది. చేతిలో బుట్టతో పాలూ కూరగాయలూ ఏరుకుంటూ విక్టోరియా కాలం నాటి కప్పును చూడడం, కళ్లజోళ్ల కొట్టులో చూడడం కంటే నాకు సహజంగా తోచింది. సరుకు దిగిన చోట సరుకే అమ్ముతున్నారు కదా.

తిండి విషయంలో మనవాళ్లు ఎక్కువగా అడిగేది స్టేబుల్ స్ట్రీట్‌లోని డిషూమ్ గురించి. బొంబాయి ఇరానీ కేఫ్‌ల పద్ధతిలో నడిచే ఈ హోటల్ 2014లో యార్డులోని పాత ట్రాన్సిట్ షెడ్డులో పెట్టారు. రాత్రంతా మరిగించిన నల్ల మినప్పప్పుకు పేరు; ఆ పేరు నిలబెట్టుకునేలాగే చిక్కగా, నిదానంగా ఉడికిన రుచి ఉంటుంది. కరకరలాడే బెండకాయ వేపుడు మన పెళ్లి భోజనాల వేపుడును తలపిస్తుంది. చాయ్ మాత్రం హైదరాబాదు నాలుకకు కాస్త వేరుగా తగులుతుంది, ఎందుకంటే మన ఇరానీ చాయ్‌లో మసాలా ఉండదు, ఇక్కడ ఉంటుంది. గుంపుగా సాయంత్రం పూట వెళ్తే బయట వరసలో నిలబడడానికి సిద్ధపడాలి. పొద్దున్న ఫలహారం వేళ ఆ ఇబ్బంది తక్కువ, పైగా ఎత్తైన ఆ షెడ్డులోకి వెలుతురు బాగా దిగుతుంది.

బజారు పడమటి అంచు దాటి కాలువ వైపు వస్తే గ్యాస్ హోల్డర్లు కనిపిస్తాయి. నగరపు వీధి దీపాలకూ పొయ్యిలకూ బొగ్గునుంచి గ్యాసు తీసే కర్మాగారం ఒకటి కాలువ దక్షిణపు గట్టున 1820లలో వెలిసింది. దానికి కావలసిన బొగ్గు పడవల మీద వచ్చేది. తీసిన గ్యాసును నిల్వ చేయడానికి నీటిలో బోర్లించిన పెద్ద ఇనుప గంగాళం వంటి పాత్ర ఉండేది. గ్యాసు నిండేకొద్దీ అది పైకి లేచేది, వాడకం పెరిగేకొద్దీ కిందికి దిగేది. అది పక్కకు ఒరగకుండా పట్టి ఉంచే చట్రమే మనకు ఇప్పుడు కనిపించే ఇనుప స్తంభాల వలయం. ఈ చట్రాలను 2000 తరువాత విడదీసి, ఇనుప ముక్కలన్నింటినీ బాగుచేయించి, కాలువ ఉత్తరపు గట్టున తిరిగి నిలిపారు. ఎనిమిదో నంబరు చట్రం లోపల పచ్చిక పరిచి 2015లో పార్కు చేశారు. ఎవరైనా లోపలికి వెళ్లి కూర్చోవచ్చు, పైసా అక్కర్లేదు. ఒకదానితో ఒకటి పెనవేసుకున్న మిగతా మూడు చట్రాల లోపల 145 ఫ్లాట్లు కట్టారు. మూడు భవనాలూ మూడు ఎత్తుల్లో ఉండడం పాత గంగాళాలు లేచి దిగిన తీరును సూచిస్తుందట. ఆలోచన బాగానే ఉంది. అయితే 25 మీటర్ల ఎత్తున ఆకాశాన్ని వలయంగా కోసి చూపే పార్కు చట్రం ముందు ఆ ఫ్లాట్లు తేలిపోతాయి. గ్యాస్ హోల్డర్ అందమంతా లోపలి ఖాళీలో ఉంది. దాన్ని గదులతో నింపాక మిగిలేది పాత ఇనుప నగ తొడుక్కున్న కొత్త అపార్టుమెంటు.

ఈ యార్డులో చెమటోడ్చినవాళ్ల ఇళ్ల సంగతి కూడా అడగాలి. రైలు పట్టాల మధ్య 1860లలో శ్రమజీవుల కోసం కట్టిన స్టాన్లీ బిల్డింగ్స్ అనే ఇళ్ల వరసలో ఇప్పుడు ఒక్క బ్లాకే మిగిలింది. అదీ పాంక్రాస్ స్క్వేర్‌లో కొత్త ఆఫీసు భవనానికి అతుక్కుని ఉంది. స్టేషన్ నుంచి బజారుకు నడిచేవాళ్లు ఎవరూ దానివైపు తలతిప్పరు. పేరు చెక్కని ఆ ఇనుప మెట్ల ఇల్లు నా దృష్టిలో ఈ 67 ఎకరాల్లో అతి విలువైన ఆనవాలు. చుట్టూ ఉన్న చౌరస్తాలూ, వీధులూ చూడడానికి పురపాలక సంఘపు వీధుల్లాగే ఉన్నా, అవి యాజమాన్యం చేతిలోని ప్రైవేటు స్థలాలని కూడా గుర్తుంచుకోవాలి. 2019లో ఇక్కడి కెమెరాల్లో కొన్నింటికి ముఖాలను గుర్తుపట్టే సాంకేతికత ఉండేదని పత్రికలు బయటపెట్టడం, గొడవ జరగడం, ఇకపై వాడబోమని యాజమాన్యం ప్రకటించడం అందరికీ తెలిసినవే. అంతా శుభ్రంగా, భద్రంగా, రాత్రి పొద్దుపోయేదాకా ఆడపిల్లలు నిర్భయంగా తిరిగేలా ఉందన్నది నిజం. ఆ భద్రత ఎవరి షరతుల మీద నడుస్తోందన్న ప్రశ్న కూడా నిజమే.

గ్రెనరీ స్క్వేర్ మెట్లు దిగితే కాలువ గట్టు బాట. ఇక్కడికి దిగగానే బజారు చప్పుడు తగ్గి, లండన్ మరో ముఖం చూపిస్తుంది. 1920ల నాటి డచ్చి పడవలో నడుస్తున్న వర్డ్ ఆన్ ద వాటర్ పుస్తకాల కొట్టు అక్కడే ఉంటుంది. పాత పుస్తకాల వాసన ఇష్టమైనవాళ్లు బజారు కంటే ఇక్కడే ఎక్కువసేపు గడుపుతారు. వరసగా కట్టి ఉన్న సన్నటి పొడవాటి పడవల్లో కాపురాలున్నాయి. శాశ్వత రేవు లేని పడవ 14 రోజులకు మించి ఒకే చోట ఉండరాదన్నది కాలువల యాజమాన్య సంస్థ నిబంధన. అద్దెలు భరించలేక పడవకెక్కిన లండన్‌వాసులకు ఆ నిబంధనతో నిత్యం సర్దుబాటే. మీరు నడిచే బాట కిందినుంచే 400 కిలోవోల్టుల విద్యుత్ కేబుళ్లు పోతున్నాయి. 1970ల చివర్లో వేసిన ఆ కేబుళ్ల వేడి తగ్గించడానికి కాలువ నీళ్లనే వాడుతున్నారు. పడవలు మోయడం మానేసిన కాలువకు ఎవరికీ కనిపించని ఉద్యోగం ఒకటి ఇంకా మిగిలి ఉందన్నమాట. బాట ఇరుకు. వెనుకనుంచి సైకిళ్లు వేగంగా వస్తాయి, గంట వినగానే గోడ పక్కకు ఒదగాలి.

ఓపిక ఉంటే పడమరగా రీజెంట్స్ పార్క్ దాకా నడిచి మాకెల్స్‌ఫీల్డ్ వంతెనను చూడమంటాను. గుర్రాలు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవలను లాగే రోజుల్లో, తడిసి ఇసుక పట్టిన ఆ తాడు వంతెన మలుపుల్లో ఇనుప స్తంభాలను రాసుకుంటూ పోయేది. అలా దశాబ్దాలపాటు రాసుకున్న చోట పోత ఇనుములో వేలు పట్టేంత గాడులు పడ్డాయి. 1874 అక్టోబరు 2న తెల్లవారుజామున తుపాకిమందుతో పోతున్న పడవ ఒకటి సరిగ్గా ఈ వంతెన కింద పేలి, పడవలోనివాళ్లు చనిపోయారు, వంతెన కూలిపోయింది. స్తంభాలు మాత్రం చెక్కు చెదరలేదు. తిరిగి కట్టినప్పుడు వాటినే వాడారు, కాని అటుది ఇటు తిప్పి నిలిపారు. అందుకే గాడులు ఇప్పుడు స్తంభానికి రెండు పక్కలా ఉన్నాయి: నీటివైపున పేలుడు తరువాతివి, వెనుకవైపున పేలుడుకు ముందువి. కాలువ చరిత్ర చెప్పే బోర్డులు ఎన్ని చదివినా, ఆ గాడిలో వేలు పెట్టి చూసినదానికి సాటిరావు. పడమరగా ఇంకా చాలా దూరం పోతే, ఇదే నీళ్లకు కొనసాగింపైన పాడింగ్టన్ పాయ ఒడ్డున కెన్సల్ గ్రీన్ శ్మశానం వస్తుంది, మన సి.పి. బ్రౌన్ సమాధి అందులోనే ఉంది. తెలుగువాళ్లు కట్టగట్టుకుని వెళ్లేది అక్కడికే కాబట్టి దాని గురించి వేరే చెప్పను.

చివరగా, నేను అసలు సిఫారసు చేస్తున్న మ్యూజియం. కోల్ డ్రాప్స్ యార్డ్ నుంచి యార్క్ వే రోడ్డు దాటి తూర్పుకు కొద్ది నిమిషాలు నడిస్తే న్యూ వార్ఫ్ రోడ్డులో లండన్ కాలువ మ్యూజియం ఉంది. భవనం చిన్నది, టికెట్ బజారులో ఒక పూట తిండి ఖర్చుతో పోలిస్తే స్వల్పం, నడిపేవాళ్లు ఎక్కువగా స్వచ్ఛంద సేవకులు. ఇది 1860లలో కార్లో గాట్టి అనే స్విస్ వ్యాపారి కట్టించిన మంచు గోదాము. నార్వే సరస్సుల్లో దిమ్మెలుగా కోసిన మంచును ఓడలో లైమ్‌హౌస్‌కు తెచ్చి, అక్కడినుంచి పడవల్లో ఈ కాలువ మీదుగా ఇక్కడికి చేర్చి, నేలలో తవ్విన రెండు పెద్ద ఇటుక బావుల్లో నింపేవారు. హోటళ్లకూ చేపల కొట్లకూ ఇక్కడినుంచే బండ్ల మీద సరఫరా అయ్యేది. లండన్ సామాన్యులకు ఐస్‌క్రీమ్ రుచి అలవాటు చేసినవాళ్లలో గాట్టి ఒకడు. మద్రాసు మెరీనా దగ్గరి ఐస్ హౌస్ చూసినవాళ్లకు ఈ వ్యాపారం కొత్త కాదు. అక్కడికి మంచు అమెరికా నుంచి వచ్చేది, ఇక్కడికి నార్వే నుంచి, అంతే తేడా. మంచును ఓడలో తెచ్చి అమ్మడమేమిటి అని నవ్వే పిల్లలకు పైనుంచి ఆ బావిలోకి తొంగి చూపించండి, నవ్వు ఆగిపోతుంది.

మ్యూజియంలో నన్ను ఎక్కువసేపు ఆపినది పడవ గది. సరుకు పడవ వెనుక భాగంలో, నాలుగు చేతులు చాస్తే అందేంత జాగాలో, ఒక కుటుంబం మొత్తం బతికేది. మడతపెట్టే మంచం, బల్లగా మారే బీరువా తలుపు, మూలన బొగ్గు పొయ్యి, గోడకు లేసు అల్లిక, గులాబీలూ కోటలూ చిత్రించిన నీళ్ల డబ్బా. పొయ్యి మీద వండే చెయ్యే చుక్కాని పట్టేది, లాకు తలుపులు తోసేది. పెద్ద బజారు చెప్పకుండా వదిలిన మనుషులు ఈ గదిలో ఉన్నారు. పై అంతస్తు గుర్రాల శాల. గుర్రాలను పైకి నడిపించిన ఏటవాలు దారిని కూడా చూడవచ్చు. వెనుక తలుపు తెరిస్తే నేరుగా బాటిల్‌బ్రిడ్జ్ మడుగు, అందులో పడవలు. ప్రదర్శన పద్ధతి పాతది, కొన్ని బోర్డుల్లో అక్షరాలు మరీ ఎక్కువ, దీపాలు మరీ తక్కువ. అయినా ప్రశ్న అడిగితే కుర్చీలోంచి లేచి వచ్చి వివరించే మనిషి ఉన్నాడు, అది బజారులో దొరకని సేవ.

వెళ్లేవాళ్లకు ఒకటి రెండు మాటలు. మ్యూజియం వారంలో అన్ని రోజులూ తెరిచి ఉండదు కాబట్టి ముందు దాని వేళలు చూసుకుని, అక్కడే మొదలుపెట్టి, తరువాత గట్టు బాట మీదుగా బజారుకు రండి. ఈ వరసలో చూస్తే కమానులూ తొట్లూ వాటంతట అవే అర్థమవుతాయి. యార్డు నేలంతా పాత రాతి దిమ్మెల పరుపు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మెత్తని చెప్పులు, చక్రాల కుర్చీకి తోడు తప్పనిసరి. మంచు బావిలోకి నిచ్చెన మీద దిగనిచ్చే రోజులు ఏడాదికి బహు కొద్ది, ఆ అవకాశం కావాలంటే మ్యూజియం ప్రకటనలు కనిపెట్టుకుని ఉండి ముందే పేరు రాయించుకోవాలి.